మేడమీద గది

“గోడకు మేకు ఎవర్నడిగి కొట్టారు?” అని టైపు చేసింది ట్రూడీ.

తెరమీద ‘బంగారుగడ్డం’ అనే ఆటగాడు నిచ్చెన దిగి ఆగిపోయాడు. అతని చేతిలో ఇంకో డ్రాగన్ తల ఉంది.

“మేకా? ఆటలో మేకేంటి రాణీగారూ!” అతని గొంతు స్పీకర్లో పకపకా నవ్వింది. అతనెప్పుడూ మైకులోనే మాట్లాడతాడు. ట్రూడీకి ఆటలో మైకు వాడే అలవాటు లేదు.

“అనుమతి లేకుండా గోడకు ఏదీ తగిలించరాదు. తనిఖీలో తేలింది.”

“ఆరేళ్లుగా తగిలిస్తూనే ఉన్నానుగా! రెండువందల పన్నెండు తలలు. అన్నీ మీరు చూసి మెచ్చుకున్నవే.”

“గది ఖాళీ చెయ్యండి.”

నవ్వు ఆగిపోయింది.

ఆ ఆటలోని దీవిలో ఇళ్లు తక్కువ, మనుషులు లక్షలు. ఎనిమిదేళ్ల కిందట ఆటలోని లాటరీ తగిలి ట్రూడీకి ఒక కోట దక్కింది. ఎవరు లోపలికొచ్చి చూడొచ్చు, ఎవరు ఉండొచ్చు అన్న పట్టీ ఓనరు చేతిలోనే ఉంటుంది. మేడమీద గదిలో ఉండే బంగారుగడ్డం పేరు ‘ఉండొచ్చు’ వరసలో ఉంది. దానిమీద ఒక్క గీటు గీస్తే చాలు, మనిషి గుమ్మం బయట పడతాడు. సామానంతా మూటై పక్కన పడుతుంది. ఏ తల ఏ గోడకు ఉండేదో మళ్లీ కూర్చుకోవడానికి ఇంకో ఆరేళ్లు పడుతుంది. వచ్చే శనివారం దీవిలో గదుల పోటీ. ఈసారి బహుమతి అతనిదేనని అంతా అనుకుంటున్నారు.

“ఏమే, నీకేమైనా పిచ్చా?” బల్లమీది ఫోనులోంచి మొయిరా అరిచింది. ఆమె ఉండేది వేరే ఊళ్లో, వయాల్లాలో. ఆటలో ట్రూడీకి కుడిభుజం. “బంగారంలాంటి మనిషే! పోయిన యుద్ధంలో నన్ను మూడుసార్లు బతికించాడు.”

“నన్నూ బతికించాడు.”

“మరి?”

ట్రూడీ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఉదయం షిఫ్టుకు వేసుకున్న వృద్ధాశ్రమం చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది. తనుండే లాన్సెస్టన్‌లో పొగమంచు పగలు పదకొండున్నరైనా విడవలేదు. ఆమె వేళ్లు మాత్రం వేడిగా ఉన్నాయి.

“నేనేం తప్పు చేశానమ్మా?” అన్నాడు బంగారుగడ్డం.

“తప్పు ఉండనక్కర్లేదు. కారణం చెప్పాల్సిన పనీ లేదు.”

“గదిని ఎవరికిస్తారు?”

“వచ్చిపోయే యాత్రికులకు. రోజుల లెక్కన.”

“శనివారం దాకా ఆగండి. పోటీ కాగానే నేనే పోతాను, ఒట్టు.”

“పొడిగింపు లేదు. పన్నెండింటికి ఖాళీ కావాలి.”

“అరగంటా! ఎక్కడికి పోను? దీవిలో ఒక్క గది ఖాళీ లేదు. ఒక్కోదానికి నలభైమంది వరసలో ఉన్నారు!”

“వెతుక్కోండి. దొరుకుతాయి.”

ఫోనులో మొయిరా అందుకుంది. “ఈ ముక్కలు ఎక్కడ పట్టావే? కోర్టు కాగితంలా కోస్తున్నాయి.”

“ఒక ఉత్తరంలో. చదివీ చదివీ కంఠతా వచ్చేసింది.”

బంగారుగడ్డం నిచ్చెన ఎక్కాడు. ఒక తల దింపాడు, పెట్టెలో పెట్టాడు. మళ్లీ ఎక్కాడు. పదకొండూ నలభై. పదకొండూ యాభై. ఆటలోని మొయిరా పాత్ర వచ్చి గుమ్మంలో నిలబడింది గానీ సాయం చెయ్యడానికి ఆమెకు వీల్లేదు. ఓనరు ఆమెను ‘చూడొచ్చు’ వరసలోనే ఉంచింది.

“ఇంకా ముప్ఫై తలలైనా దింపలేదే పాపం. రెండుసార్లు కిందపడేశాడు కూడా. వదిలెయ్యవే ట్రూడీ.”

“గోడల మీద మరకలుంటే తుడిచి వెళ్లండి,” అని టైపు చేసింది ట్రూడీ. “పొయ్యి కూడా తోమాలి. ఫోటోలు తీస్తాం.”

“ఇక్కడ పొయ్యే లేదు!” అతను మొత్తుకున్నాడు. “రాణీగారూ, ఇది ఆటే కావచ్చు. నాకు మాత్రం ఇల్లు. రోజంతా అయ్యాక నేనొచ్చి కూర్చునేది ఇక్కడే.”

ట్రూడీ ఆ మాట రెండుసార్లు నెమరేసుకుంది. తర్వాత ఒక్కో అక్షరం నొక్కి కొట్టింది.

“ఇల్లు నాది. మీరు ఉన్నారంతే.”

పన్నెండయింది. పట్టీ తెరిచింది. పేరు వెతికింది. గీటు గీసింది.

బంగారుగడ్డం గుమ్మం బయట వానలో పడ్డాడు. పక్కన సామాను మూట. ఆటలోని వాన అతని బంగారు గడ్డంమీద టపటపా కురిసింది. కాసేపటికి అతని పేరు పక్కన వెలిగే దీపం ఆరిపోయింది. ఆట వదిలి వెళ్లిపోయాడు.

ట్రూడీ కుర్చీలో వెనక్కి వాలింది. ఎన్నాళ్లకో గుండెల నిండా గాలి పీల్చుకుంది.

“తృప్తిగా ఉందా?” అంది మొయిరా కటువుగా.

“చాలా.”

“సిగ్గులేదూ! కనీసం మైకు పెట్టి, నోటితో చెప్పే ధైర్యమైనా లేకపోయిందే నీకు.”

“నా గొంతు గుర్తుపడతాడు. అతని గొంతు నేను పోయిన నెలే పోల్చుకున్నాను.”

“అంటే ఎదురుగా చూశావా? ఎవరే అతను?”

“తనిఖీకని వచ్చి, నన్ను ఖాళీ చెయ్యమన్న మా ఇంటి ఓనరు.”