పడకుండా పట్టిన బంతి

జిల్లా బేస్‌బాల్ సెలక్షన్ పెద్దలారా, మీరు కళ్లు మూసుకుని కూర్చోడానికే ప్రతి మైదానానికీ ఆటకు మార్కులేసే ఆ యంత్రపు కన్ను తగిలించారు. బంతి ఎంత దూరం పోతే అన్ని మార్కులంటుంది అది. దూరం కొట్టే బ్యాట్లు అమ్మేదీ ఆ కన్ను చేసిన కంపెనీయే. నాకు అనుమానం రాదా?

మా అనంతపురం జట్టులో ఓబుళమ్మ అనే పిల్ల ఉంది. బ్యాటర్ భుజం చూసి, బంతి లేవకముందే అది పడే చోటికి పరిగెత్తి, నిలబడి పట్టేస్తుంది. యంత్రం దాన్ని సులువైన క్యాచ్ అని రాసి సున్నా ఇస్తుంది. ఆలస్యంగా పోయి, దూకి పట్టిన పిల్లకు పది!

నిన్నటి సెలక్షన్ జాబితాలో ఓబుళమ్మ పేరు లేదు. వేరుశనక్కాయలు ఒలుస్తూ వాళ్లమ్మ అరిచింది.

"ఒక్కసారన్నా కింద పడి పట్టగూడదా, మే?"

"ముందే పోయి నిలబడితే పడేదెందుకు మా?"

"నేను కూలికి పోయే చేనుకాడా ఆ కన్నే గదా మేస్త్రీ. అది చూసేటప్పుడు నేను ఎట్ల వంగుతానో తెలీదా? అట్ల నటించు!"

"నేను పడి లేచేలోపల అవతలి జట్టోళ్లు పరుగు తీసేస్తారు మా. ఓడిపోతాం."

ఆ జాబితా చించేయండి. రేపు పొద్దున మీరే మైదానానికి రండి. బంతి లేవకముందు ఆ పిల్ల కాళ్లు చూడండి. చూశాకే పోటీలకు పోయే జట్టు బస్సు కదలాలి.