ఏడవ కొలత

ఏడాది పొడుగునా చందనం మాటున నిజరూపాన్ని దాచుకొని, ఒక్కనాడు మాత్రమే కనిపించే సింహాద్రినాథా, పైకి కనబడినదానినే నిజమని తలచే మా చూపుకు నీవే దిక్కు. నీకు మ్రొక్కి ఈ చిన్న కథను ఆరంభిస్తున్నాను.

నర్సీపట్నంలోని ఆ కళాశాల భౌతికశాస్త్ర విభాగానికి ఆనాడు వచ్చిన ఆవిడను విద్యార్థి హేమసుందర్ చూస్తూనే చిన్నచూపు చూశాడు.

బెంగుళూరు పరిశోధన సంస్థ నుండి శాస్త్రవేత్త వస్తున్నారని అధ్యాపకులు రామనాథం గారు చెప్పగా అతడు మరొకలా ఊహించుకొన్నాడు. ఈవిడ ఆటో దిగి, నలిగిన నూలుచీర సర్దుకొని, "బేగి గేటు తియ్యి నాయనా, ఎండ మాడ్సీస్తంది" అన్నది కాపలావాడితో.

పేరు సింహాద్రమ్మ. ఆ పేరు వినగానే వెనుక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

విద్యార్థుల్లో ఒకరిని ఎంపిక చేయడానికి ఆవిడ వచ్చింది. సంస్థ ఇచ్చినది ఒక్కటే స్థానం. వేసవిలో రెండు నెలల శిక్షణ. మెప్పించినవారికి అక్కడే పరిశోధనకు దారి.

అది దక్కకపోతే హేమసుందర్‌కు మిగిలేది పాయకరావుపేటలో మేనమామ ఎరువుల కొట్టు. వేసవి నుండి మేనల్లుడు గల్లాలో కూర్చుంటాడని మేనమామ అప్పుడే పదిమందికీ చెప్పుకొన్నాడు.

మూడేళ్ళుగా తరగతిలో అతడే మొదటివాడు. స్థానం తనదేనని అతడికి సందేహం లేదు.

ఆవిడ ప్రశ్నపత్రం ఇవ్వలేదు. అందరి ప్రయోగాల రికార్డులూ తెప్పించుకొని, ఒకచోట ఆగిపోయింది.

అది తీగచుట్ట ప్రయోగం. కరెంటు పారే తీగచుట్ట నుండి దిక్సూచిని దూరం జరిపేకొద్దీ దాని ముల్లు తిరిగే కోణం తగ్గుతూ రావాలి. పద్నాలుగు మంది రికార్డుల్లోనూ ఏడవ కొలత దగ్గర ఆ కోణం పెరిగింది.

ఆవిడ చాలాసేపు ఆ పుటనే చూస్తూ కూర్చున్నది. పెదవి చివర చిన్న కదలిక కలిగింది. అది వెక్కిరింతేనని హేమసుందర్ నిశ్చయించుకొన్నాడు.

"ఈ ఏడోది ఎందుకు పెరిగింది బాబూ?"

అతడు తడుముకోలేదు. "ఏజెన్సీ కొండల్లో ఇనుపరాయి ఉందండీ. దాని ప్రభావం."

"ఏడో కొలత కాడికే కొండ నడిసొచ్చీసిందేటి?"

గదిలో నవ్వులు లేచాయి. అతడి చెవులు భగ్గుమన్నాయి.

ఎన్నిసార్లు కొలిచావని అడిగింది. మూడుసార్లన్నాడు. మూడుసార్లూ ఇదే వచ్చిందా అంటే ఇదే వచ్చిందన్నాడు.

తరువాతి వంతు నూకరత్నానిది. కొయ్యూరు నుండి రోజూ బస్సులో వచ్చే పిల్ల, మార్కులలో తొమ్మిదవది.

"నాను తియ్యలేదండి. తల్లి రికార్డు సూసి ఎక్కించీసేను."

బీరువాలో ఉన్న ఒక పాత రికార్డుకు విద్యార్థులు పెట్టుకొన్న పేరు తల్లి రికార్డు. ఏ బ్యాచి వచ్చినా అందులోని అంకెలనే ఎక్కించుకోవడం అక్కడి ఆచారం. అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

"సూసినప్పుడు అనుమానం రాలేదేటమ్మా?"

"వొచ్చిందండి. అడిగితే నవ్వుతారని ఊరుకున్నాను."

ఆ సాయంత్రం స్థానం నూకరత్నానికి ప్రకటించి, ఆవిడ వెళ్ళిపోయింది.

హేమసుందర్ మెట్ల దగ్గర నూకరత్నానికి అడ్డం నిలిచాడు. "కాపీ కొట్టేనని సెప్పి సీటు కొట్టీసేవు. బాగుంది నీ తెలివి."

"నువ్వూ సెప్పాల్సింది," అన్నదామె, పక్కనుండి దిగిపోతూ.

అతడు ఆ రాత్రే ఫిర్యాదు రాసి, మర్నాడు పదిమంది చేత సంతకాలు చేయించాడు. ఈ కొలతలే విభాగంలోని పాత రికార్డులోనూ ఉన్నాయని, వాటిని ముప్పై ఏళ్ళుగా ప్రతి పరీక్షకుడూ ఆమోదించాడని, అవి ఎలా తీస్తారో కూడా తెలియని ఆవిడ తరగతిలో మొదటివాడిని అవమానించి, దొంగతనం ఒప్పుకొన్నదానికి పట్టం కట్టిందని రాశాడు. తొందరపడవద్దని రామనాథం గారు వారించారు. అతడు వినకుండా సంస్థకు పంపివేశాడు.

వారం తిరగకుండా జవాబు వచ్చింది. విచారణ ముగిసేవరకు సింహాద్రమ్మ గారిని ఎంపిక బాధ్యత నుండి తప్పించామని, నూకరత్నం ఎంపికను నిలిపివేశామని, ఆ పాత రికార్డు నకలు ఆధారంగా పంపమని అందులో ఉన్నది.

హేమసుందర్ దానిని తరగతిలో రెండుసార్లు బిగ్గరగా చదివాడు. నూకరత్నం తల వంచుకొని కూర్చున్నది.

ఆ ఉత్సాహంతోనే బీరువా తెరిచి తల్లి రికార్డు తీశాడు. అంకెలున్న పుటను సెల్‌ఫోనులో ఫొటో తీశాడు. ఎక్కించుకొనేవారికి ఆ పుటతోనే పని తీరిపోయేది గనుక తరువాతి కాగితం దానికి అంటుకొనిపోయి ఉన్నది. గోటితో విడదీశాడు.

వెనుక వైపు గుండ్రటి తెలుగు అక్షరాలలో ఇలా ఉన్నది: "నిన్నటి ఏడవ కొలత తప్పు. ఎవరో ఇనుప స్టూలు దగ్గరకు లాగారు. అందుచేత ఈరోజు అన్నీ మళ్ళీ తీశాను."

కింద కొత్త పట్టిక. కోణం ఒక్కచోట కూడా పెరగలేదు.

ఇది ఎవరి రికార్డో చూడాలని అట్టకు వేసిన పాత పేపరును చింపాడు. ముప్పై ఏళ్ళుగా ఆ విభాగమంతా ఎవరి కష్టాన్ని ఎక్కించుకొని గట్టెక్కుతున్నదో, ఆ పేరు లోపలి అట్టమీద చెక్కుచెదరకుండా ఉన్నది: కె. సింహాద్రమ్మ, మొదటి బ్యాచి.

ఈ కథను చదివినవారికి, విన్నవారికి, వినిపించినవారికి సందేహం కలిగినచోట అడిగే ధైర్యాన్ని, అడిగినవారిని మన్నించే మనసును ఆ స్వామి ప్రసాదించుగాక. ఎల్లరకు శుభమగుగాక.