పెట్టెకు ఆనుకున్న వీపు

జూలై 9, గురువారం. ఉదయం నుంచి మబ్బు. బట్టలు ఉతికి మేడ మీద ఆరేశాను.

గిటారు నాకు నేనే నేర్చుకున్నాను. గురువంటూ ఉంటే మానిపించి ఉండేవాడు. ఎలక్ట్రిక్ గిటారుకు, మంద్ర స్వరాల కోసం చేసిన బేస్ ఆంప్లిఫయరు పనికిరాదని కొన్నాక తెలిసింది. అయినా పదేళ్లుగా మార్చలేదు. ఆ పెట్టె సన్న స్వరాలను మింగేస్తుంది, వాటితోపాటు నా తప్పులను కూడా.

ఈ మధ్య నేను వాయించినప్పుడల్లా మా ఆవిడ ఆ పెట్టెకు వీపు ఆనించి, అటు తిరిగి కూర్చుంటోంది. నా సంగీతం మీద అది ఆవిడ తీర్పు అనుకున్నాను.

ఈ రోజు పౌరుషం పొడుచుకొచ్చింది. పాత పెట్టె షాపులో ఇచ్చేసి, అసలు సిసలు గిటారు ఆంప్లిఫయరు తెచ్చాను.

"ఇక తప్పులన్నీ వినిపిస్తాయి సార్, మీ ఇష్టం," అన్నాడు షాపాయన.

ఒక పాట పూర్తిగా వాయించాను. ప్రతి తీగా గాజులా మోగింది. తప్పులు పదకొండు. పెట్టెకు ఆనుకుని బఠాణీలు ఒలుస్తున్న ఆవిడ ఇటు తిరిగింది.

"ఏంటండీ, ఇంకా మొదలెట్టలేదా?"

వెటకారమనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కొత్త పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"పాతదైతే దాని అదురు వీపుకి తెలిసేది. నాకు సన్న శబ్దాలు వినబడక రెండేళ్లయింది. చెబితే మీరు వాయించడం మానేస్తారని చెప్పలేదు."

వెంటనే షాపుకు వెళ్లాను.

"అప్పుడేనా? తప్పులు భరించలేకపోయారా సార్?"

"అవునండీ," అని పాత పెట్టె తెచ్చుకున్నాను.

ఇప్పుడే వాన మొదలైంది. ఆవిడ పెట్టెకు ఆనుకుని కూర్చుని, రమ్మని పిలుస్తోంది. మేడ మీద బట్టలు తడిస్తే తడవనీ.