లేత పసుపు గుర్తు

గేరు పడలేదు.

ఇంజన్ మాత్రం చక్కగా తిరుగుతోంది. సిరిల్ క్లచ్ తొక్కి గేరు కడ్డీని ముందుకు తోశాడు. లోపల కరకరమంది. మళ్ళీ తోశాడు. మళ్ళీ అదే చప్పుడు. ఇంజన్ ఆపేసి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

“క్లచ్ ప్లేటు,” అన్నాడు. “తిరగేసి పెట్టినట్టున్నాను.”

పక్కింటి రెజ్ చేతిలో ఉన్న గుడ్డను బల్ల మీదికి విసిరాడు. ప్లేటు తిరగబడితే పైపైన చేయగలిగిందేమీ లేదు. రేడియేటరు విప్పాలి, గొట్టాలూ తీగలూ ఊడదీయాలి, కప్పీకి గొలుసు తగిలించి ఇంజన్‌ను మళ్ళీ పైకి లేపాలి. మొదటిసారి దించినప్పుడు సిరిల్ చిన్న బేరింగు ఒకటి పెట్టడం మరిచిపోయాడు. అప్పుడూ ఇదే తతంగం.

“కార్ల ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళూ ఇంజన్లు బిగించింది నువ్వేనట్రా?” అన్నాడు రెజ్. “నేను రంగులు కొట్టేవాణ్ణి. నాక్కూడా తెలుసు అది ఎటు తిరిగుండాలో.”

“చేతులు నా మాట వినడం లేదు.”

రెజ్ విసిరిన గుడ్డను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ఇంట్లోనే బిగించుకోమని పెట్టెల్లో విడివిడిగా వచ్చిన టాపులేని కారు అది. చట్రం, డొప్పలు, సీట్లు కంపెనీ పంపింది. ఇంజన్ తుక్కు కింద కొన్న పాత ఫోర్డ్ కార్టినా కారుది. కార్ల ఫ్యాక్టరీల ఊరైన కొవెంట్రీలో చేతిపని తెలిసిన మగవాళ్ళు చాలామంది ఇలాంటిదొకటి షెడ్డులో పెట్టుకుని ఏళ్ళ తరబడి కట్టుకుంటూ ఉంటారు, తొందరేమీ లేకుండా. సిరిల్ కూడా అలాగే మొదలుపెట్టాడు. దానికి లేత పసుపు రంగు వేయమన్నది అతని భార్య మేవిస్. వేసింది రెజ్.

చలికాలంలో డాక్టరు మేవిస్ జబ్బుకు ఇక చేసేదేమీ లేదని చెప్పాడు. ఆ సాయంత్రం వంటగదిలో, టీ కప్పుల ముందు, మేవిస్ ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. ఆ బండి గేటు దాటేదాకా తాను ఎక్కడికీ పోనంది. అందులో వీధి చివరిదాకా తిరిగొచ్చాక ఇక తన ఇష్టమంది. ఆమె మాటంటే మాటే. ఈస్టర్ దాకా ఉండదన్నారు డాక్టర్లు. ఈస్టర్ వెళ్ళిపోయింది. మంచాన్ని మేడ మీదినుంచి ముందుగదిలోకి దించి, గేటు కనిపించేలా కిటికీ పక్కన వేశారు.

ఆమెకు చెప్పడానికి సిరిల్ లేవలేదు. రెజ్ వెళ్ళాడు.

మేవిస్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. గాలికి జుట్టు చెదరకుండా తలకు రుమాలు కట్టించుకుంది, పెదాలకు రంగు కూడా వేయించుకుంది. ఇంజన్ చప్పుడు విన్నాననీ, ఎందుకు ఆగిందనీ అడిగింది. రెజ్ చెప్పాడు. ఆమె రుమాలు ముడి తానే విప్పుకుంది. అందుకు చాలాసేపు పట్టింది.

“పెళ్ళినాడు చర్చికి కూడా ఇంత ఆలస్యంగా రాలేదయ్యా మహానుభావుడు,” అని నవ్వింది. నవ్వు మధ్యలోనే తెగిపోయింది. ఆమె మంచం అంచు పట్టుకుంది. నొప్పి తగ్గేదాకా రెజ్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

“రెజ్,” అంది తరువాత, చిన్న గొంతుతో. “మాటిచ్చాను కాబట్టి ఉన్నాను. ఇంక ఉండలేకపోతున్నాను. పొద్దున నర్సు వేసిన సూది మందు మధ్యాహ్నం దాకా కూడా ఆగడం లేదు. ఇది ఆయన మొహం చూసి చెప్పలేను. ఇవ్వాళ ఎలాగైనా దాన్ని గేటు దాటించు.”

“దాటిస్తాను,” అన్నాడు రెజ్.

అతను షెడ్డులోకి వచ్చి కోటు విప్పాడు. ఇద్దరూ అన్నానికి కూడా లేవలేదు. రెజ్ తొందరలో స్పానర్ జారి వేళ్ళ కణుపులు గీరుకుపోయాయి, పట్టించుకోలేదు. బోల్టులు బిస్కెట్ డబ్బాలో పడుతున్నాయి. సిరిల్ ఒక్కో బోల్టునూ తుడిచి మరీ వేస్తుంటే, ముందు ఊడదీయరా బాబూ అని అరిచి, అరిచినందుకు తనే నొచ్చుకున్నాడు. మధ్యాహ్నం దాటాక ఇంజన్ గొలుసుకు వేలాడుతూ పైకి లేచింది. ప్లేటు బయటికొచ్చింది.

నిజంగానే తిరగబడి ఉంది.

రెజ్ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అటక మీది డబ్బాలో బండికి వేయగా మిగిలిన లేత పసుపు రంగు ఉంది. బ్రష్షు ముంచి, గేరుబాక్సు వైపు ఉండాల్సిన పక్కన, మధ్య రేకు మీద, బొటనవేలంత గుర్తు పెట్టాడు.

“బిగించేటప్పుడు ఈ పసుపు నీ మొహంలోకి చూస్తూ ఉండాలి. కనబడలేదంటే తప్పు పెట్టినట్టే. విన్నావా?”

“విన్నాను.”

“ఏదీ, చెప్పు.”

“పసుపు నా వైపు,” అన్నాడు సిరిల్, బడిపిల్లాడిలా.

రంగు ఆరేలోగా టీ తెస్తానని రెజ్ లోపలికి వెళ్ళాడు. నీళ్ళు మరుగుతుంటే ముందుగదిలోకి తొంగిచూసి, సాయంత్రానికి సిద్ధంగా ఉండమన్నాడు. ఈసారి తప్పు జరిగే వీలే లేదన్నాడు. మేవిస్ కళ్ళు తెరవకుండానే రుమాలు కోసం చెయ్యి చాపింది. అతనే వెతికి ఆమె చేతిలో పెట్టాడు.

రెండు కప్పులూ పట్టుకుని వానలో షెడ్డు దాకా వచ్చి, గుమ్మంలో ఆగాడు. సిరిల్ ఇంజన్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, ప్లేటు చేతిలో ఉంది. పిలిస్తే ఉలిక్కిపడతాడేమోనని రెజ్ పిలవలేదు. సిరిల్ చేతుల కేసి చూశాడు. ఏమాత్రం వణకడం లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

సిరిల్ పెట్రోలు గుడ్డతో పసుపు గుర్తును తుడిచేసి, ప్లేటును తిరగేశాడు.