గోధుమరంగు బొత్తాలు

"వీటిలో ఏది మా ఆవిడ ప్రాణం మీదికి తెచ్చిందో చెప్పండి మాస్టారూ," అన్నాడు కళ్ళజోళ్ళ షాపతను, మాస్టారు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే.

ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ముందుగదిలో గోడ వారగా ఉప్పునీళ్ళ తొట్టి, అందులో రంగురంగుల పగడాలు. అన్నీ ఆవిడ పెంచుకున్నవే. ఆ ఉదయం తొట్టిలోని రాయి ఒకటి తీసి, వంటింట్లో మరిగే నీళ్ళు పోసి బ్రష్షుతో ఏమీ మిగలకుండా తోమేసింది. ఆవిరి మొహానికి కొట్టింది. కాసేపటికే ఊపిరాడక కూలబడింది. అసలే ఆయాసం మనిషి. ఆస్పత్రిలో చేర్చారు. అది ఏ రకం పగడమో తెలిస్తే వైద్యానికి దారి దొరుకుతుందని ఆస్పత్రి డాక్టరు, కాలేజీలో తనకు జంతుశాస్త్రం చెప్పిన మాస్టారికి కబురు పెట్టాడు.

మాస్టారు తొట్టి ముందు గొంతుక్కూర్చుని టార్చి వేశారు.

"ఇది మెదడు పగడం. దీనివల్ల ఏ హానీ లేదు. ఇది తోలు పగడం. ఇదీ కాదు."

"దాన్ని మా ఆవిడ చిన్నత్తయ్య అనేది. ముట్టుకుంటే చాలు, ముడుచుకుపోతుందని." అతను నాలుక కరుచుకున్నాడు. "అనేది కాదు, అంటుంది."

మాస్టారు తల ఊపి పక్కకు జరిగారు. పుట్టగొడుగుల్లాంటివి చూశారు, గాలికి ఊగే గడ్డిలాంటివి చూశారు. ఒక్కోదాన్నీ కాదు, కాదు అంటూ తోసేస్తుంటే అతని మొహం కాస్త తేటపడుతూ వచ్చింది. తీరా తొట్టి మూలకి వచ్చాక టార్చి వెలుగు అక్కడే నిలిచింది. రాయి వెనకాల చొక్కా బొత్తాలంత గుండ్రంగా, అంచు చుట్టూ సన్నటి కుచ్చుతో, గోధుమరంగువి గుంపుగా ఉన్నాయి. చూడ్డానికి అన్నిటికంటే సాదాసీదాగా ఉన్నది అదే.

"ఇదే. దీని జోలికి వెళ్ళకండి," అన్నారు మాస్టారు.

దాని ఒంట్లో విషం ఉంటుందనీ, మరిగించిన నీళ్ళు పడితే అది ఆవిరితో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ చెప్పారు. వెంటనే డాక్టరుకు తనే ఫోన్ చేసి ఆ రకం పేరు అక్షరం అక్షరం పలికారు. విరుగుడు మందు లేదట. ఊపిరి నిలబెట్టి చూడటమే దారి అన్నాడు డాక్టరు.

ఫోన్ పెట్టేశాక మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ఇలాంటివి అంటగట్టేవాళ్ళని ఏం చేసినా పాపం లేదన్నారు. ఎవరూ అంటగట్టలేదు, కొన్న రాయికి అంటుకుని వచ్చి దానంతటదే పెరిగిందన్నాడు అతను.

"పోనీ, తెలిసినవాళ్ళని ఒక్క మాట అడిగి ఉండాల్సింది."

"అడక్కుండా ఏ పనీ చెయ్యదండీ. కూరలో ఉప్పు కూడా నన్ను అడిగే వేస్తుంది," అన్నాడు అతను.

అంతలో ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. అతను విన్నాడు. "సరే" అన్నాడు. మళ్ళీ "సరేనండీ" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టబోయి, జేబు దొరక్క కింద పడేసి, తొట్టి పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

మాస్టారు కూడా పక్కన కూర్చున్నారు. అతని వీపు మీద చెయ్యి వేశారు.

అతను పక్కనున్న బల్ల మీది భార్య ఫోన్ అందుకున్నాడు.

"నిన్న ఎవరికో ఏదో మాట్లాడి వాయిస్ మెసేజీ పంపింది. ఒక్కసారి గొంతు వింటానండీ. ఇంకెక్కడ వింటాను?"

మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ తల ఊపారు. అతను నొక్కాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే, నవ్వుతూ ఆవిడ గొంతు గదిలోకి వచ్చింది.

"నమస్కారమండీ. రాయి కొన్న షాపులో మీ నంబరిచ్చారు. ఫొటో పంపాను, కాస్త చూసి పేరు చెప్పండి. ఈ బొత్తాల్లాంటివి రాయంతా పాకి మిగతా వాటికి చోటు లేకుండా చేస్తున్నాయి. మరిగే నీళ్ళు పోసి తోమెయ్యనా? ప్రమాదం ఏమీ లేదు కదా?"

అతను కళ్ళు మూసుకుని ఫోన్ గుండెకి హత్తుకున్నాడు. ఆపడం మరిచిపోయాడు. దాని కిందున్న జవాబు దానంతటదే మొదలైంది. ముందు బస్సు హారను, జనం రొద.

"బస్సులో ఉన్నానమ్మా, ఎండకి ఫొటో సరిగ్గా ఆనడం లేదు. ఏదో పనికిమాలిన రకమే అయ్యుంటుంది. నిశ్చింతగా పోసెయ్యండి," అంది మాస్టారి గొంతు.