బీరువాలోకి పోయిన గిన్నె

చర్చిలో బల్ల మీద వెండి గిన్నె లేదు!

తళతళ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. గిన్నె ఉండాల్సిన చోట పళ్ళెం నిండా చిట్టి చిట్టి గాజు గ్లాసులు. పిల్లలు బొమ్మల పెళ్ళిలో పేర్చుకునేలాంటివి. మనిషికి ఒకటి.

తళతళ అతని అసలు పేరు కాదు. పాత్రలకు మెరుగు పెట్టడం అతని పని. తుప్పు పట్టిన మేకు ఇచ్చినా ముక్కుపుడకలా చేసిస్తాడని జనం పెట్టిన పేరు.

ఈ చర్చివాళ్ళది ఒక ఒంటిరంగు, తళతళ వాళ్ళది ఇంకో రంగు. యాస వేరు, పాట వేరు. ఇన్నేళ్ళూ రోడ్డుకు ఆ పక్క పెద్ద చర్చిలో వాళ్ళు, ఈ పక్క రేకుల షెడ్డులో వీళ్ళు. రెండు వైపుల నుంచీ ఒకేసారి పిలిస్తే, పాపం, దేవుడికి మెడ పట్టేసే ఉంటుంది.

చివరికి పాస్టరుగారే రోడ్డు దాటి వచ్చారు. "ఇక కలిసి కూర్చుందాం. తాతల నాటి నుంచీ మా చర్చిలో ద్రాక్షారసానికి ఒకటే గిన్నె. అందరం దాంట్లోంచే తలా ఒక గుక్క. మీరూ అంతే" అన్నారు.

ఆ మాటకి తళతళ పొంగిపోయాడు. అతని తల్లికైతే సంతోషంతో నోట మాటే పడిపోయింది. బాబాయి ఒక్కడే ఎగతాళి చేశాడు.

"వాళ్ళ గిన్నెలో నిన్ను మూతి పెట్టనిస్తార్రా? ఇస్తే నా మీసం తీసేస్తా!"

ఆ గిన్నెకు మెరుగు పెట్టే పని తళతళదే. తిండి మాని రుద్దాడు. ఈగ వాలితే జారి కాళ్ళు విరగ్గొట్టుకునేది. తొంగి చూస్తే ఇంకా పుట్టని మనవలు కనిపించేవారు.

తీరా కలిసిన మొదటి ఆదివారమే ఇలా. వెనక వరసలో బాబాయి మీసం మెలేస్తున్నాడు.

"చూశావా అమ్మా? మన మూతి తగులుతుందనగానే గిన్నె బీరువాలోకి పోయింది" అన్నాడు తళతళ.

"పోనీలేరా. ఎందులో తాగితే ఏంటి, లోపలికి పోయేది ఒకటేగా" అంది తల్లి, చేతిసంచి సర్దుకుంటూ.

ఆ సంచిలో ఆవిడ స్టీలు గ్లాసు ఎప్పుడూ ఉంటుంది. ఈ చర్చివాళ్ళు ఎక్కడ టీ ఇచ్చినా అందులోనే పోయించుకుంటుంది. కప్పులు కడిగే శ్రమ వాళ్ళకెందుకని కాబోలు. వెన్నలాంటి మనసు. అలాంటి మనిషికి ఇంత అవమానమా అని తళతళకు ఒళ్ళు మండిపోయింది.

ప్రార్థన అవగానే పాస్టరుగారి గదిలోకి దూసుకెళ్ళాడు.

"అయ్యగారూ, గిన్నె రుద్దడానికి మా చేతులు పనికొచ్చాయి. తాగడానికి మా మూతులు పనికిరాలేదా?"

"అది కాదు తమ్ముడూ..."

"ఏది కాదు? మీరొచ్చి వాటేసుకుంటే నమ్మాను. మావాళ్ళని గడ్డం పట్టుకుని బతిమాలి తీసుకొచ్చాను. ఇప్పుడు వాళ్ళ మొహం ఎలా చూడను? ఎవరండీ ఈ గ్లాసులు పెట్టమంది?"

పాస్టరుగారు చూపు తిప్పుకున్నారు. "చెప్పనని మాటిచ్చాను. అడక్కు."

"మీవాళ్ళని దాచుకుంటున్నారన్నమాట! సరే. మా షెడ్డు మాకుంది. అందర్నీ ఇప్పుడే తీసుకుపోతా. ఈ జన్మలో మళ్ళీ ఈ గడప తొక్కం."

తలుపు మీద చెయ్యి వేశాడు. కిటికీ అవతల రెండు రంగుల పిల్లలూ ఒకే బంతి వెంట పరిగెడుతున్నారు. తల్లి ఓ పక్కన కూర్చుని తన స్టీలు గ్లాసులో టీ ఊదుకుంటోంది.

పాస్టరుగారు గబగబా వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"మావాళ్ళెవరూ కాదయ్యా, 'ఆ రంగువాళ్ళ ఎంగిలి నా గొంతు దిగదు, మావాడికి మాత్రం చెప్పకండి' అని నా చేతులు పట్టుకుంది మీ అమ్మే."