పోచయ్య కడియం

ఫిల్మ్‌నగర్ ఆఫీసులో మాటల రచయిత వరప్రసాద్ ముందు ఆ ముసలాయన నిలబడటం అది మూడోసారి.

"ఒక్క మాట తీసేయుండ్రి సార్. పోచయ్య బంగారు కడియం కోసం దొరను చంపలే."

నిజాం కాలంలో జరిగిన ఒక దొర హత్య మీద సినిమా అది. కుట్ర చేసిన నలుగురిలో పోచయ్య ఒకడు. కడియం సంగతి చరిత్రలో ఎక్కడా లేదు. ఇంటర్వెల్ పండాలని వరప్రసాదే పెట్టాడు.

"చంపాడా, లేదా?"

"చంపిండు. గది తప్పే. కాని పన్ను కట్టలేదని దొర ఆయన తమ్ముణ్ణి ఎండల నిలవెట్టి పానం తీసిండు. గది మీరు చెప్పకపోయినా సరే. కడియం మాత్రం పెట్టకుండ్రి. పోచయ్య మనుమలు ఊళ్లె తలెత్తుకొని తిరగాలె."

"షూటింగ్ అయిపోయింది పెద్దాయనా."

"డబ్బింగ్ కాలేదంట గద."

నిజమే. పెదాలకు అతికే ఇంకో మాట రాయడానికి అరగంట చాలు.

"చరిత్ర సినిమా తీస్తే చాలు, మావాడు మంచోడంటూ ఎవరో ఒకరు వస్తారు. ఇంతకీ పోచయ్య మీ తాతా, నాన్నా?"

ముసలాయన గోడ వైపు చూశాడు. మేకప్ వాళ్ళ కోసం అంటించిన దొరగారి పాత ఫొటో ఉందక్కడ. చూసి తల దించుకున్నాడు.

భయం ఇంకా పోలేదు కాబోలు అనుకున్నాడు వరప్రసాద్.

"గీ కవర్ల ఉంది సార్. జర చూడుండ్రి," అని ఒక కవరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఆఫీసుకి కవర్లు తెచ్చే ముసలివాళ్ళు రోజూ ఉంటారు. లోపల వాళ్ళ ఫొటోలు, తాత వేషం ఉంటే పిలవమని ఫోన్ నంబరు. వరప్రసాద్ దాన్ని కూడా అవన్నీ పడేసే సొరుగులోనే వేశాడు.

సినిమా బాగా ఆడింది. కడియం మాటకి ప్రతి హాల్లోనూ జనం పోచయ్యని బూతులు తిట్టారు.

జూబ్లీ హిల్స్‌లో మధ్యాహ్నం విందు. మేనేజర్ చలపతిరావు నవ్వుతూ వచ్చాడు.

"మీ డైలాగు దెబ్బకి పోచయ్య సమాధి మీద ఎవరో పేడ కొట్టారటండీ. మన దగ్గరికొచ్చాడే ముసలాయన, రోజూ బిందెతో నీళ్ళు మోసి కడుగుతున్నాట్ట."

వరప్రసాద్ ప్లేటు వదిలేసి, ఆఫీసుకొచ్చి సొరుగంతా వెతికాడు.

కవర్లో ఒకటే ఫొటో. గోడ మీదున్న దొరే. ఒళ్ళో మూడేళ్ళ పిల్లాడు.

వెనక వణికిన అక్షరాలు: "మా నాయన ఒళ్ళో నేను."